రాస్ అల్ అర్ద్: కువైట్ అఖాతపు దక్షిణ ముఖం, దాని దీపాలు

రాస్ అల్ అర్ద్ పర్షియన్ గల్ఫ్ శిరోభాగాన, కువైట్ అఖాతానికి దక్షిణపు అంచుగా ఉన్న భూశిరం. కువైట్ నగరానికి తూర్పు ఆగ్నేయంగా పది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, ఇప్పటి సాల్మియా పట్టణం సముద్రంలోకి ముగిసే చోట, సుమారు 29°21′ ఉత్తర అక్షాంశం, 48°06′ తూర్పు రేఖాంశాల దగ్గర ఉంది. ‘రాస్’ అంటే అరబ్బీలో తల. తీరం నీటిలోకి పొడుచుకొచ్చిన ప్రతి కొనకూ కువైట్‌లో ఆ మాటే ముందు చేరుతుంది: రాస్ అజూజా, రాస్ కాజిమా, రాస్ అజ్ జౌర్. వీటన్నిటిలో నావికులకు ముఖ్యమైనది రాస్ అల్ అర్ద్. దక్షిణం నుంచి వచ్చే ఓడ దీన్ని చుట్టి పడమరకు తిరిగితేనే కువైట్ రేవు చేరుతుంది.

స్థితి, నైసర్గిక స్వరూపం

కువైట్ అఖాతం తూర్పున తెరుచుకొని పడమరగా నలభై కిలోమీటర్ల మేర లోపలికి చొచ్చుకుపోయిన జలభాగం. వైశాల్యం సుమారు 720 చదరపు కిలోమీటర్లు. దక్షిణ ముఖాన రాస్ అల్ అర్ద్, ఉత్తర ముఖాన రాస్ అస్ సుబియా ఉన్నాయి. ముఖద్వారం బయట, కువైట్ నగరానికి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఫైలకా ద్వీపం ఉంది. ఫైలకాకు వాయవ్యాన మిస్కాన్, ఆగ్నేయాన అవ్‌హా అనే రెండు చిన్న దీవులు. వీటి మధ్య నుంచే ఓడల దారులు.

అఖాతం లోతు తక్కువ. సగటున అయిదు మీటర్లు, ఎక్కడో ముఖద్వారం దగ్గర ఇరవై మీటర్ల దాకా పోతుంది. ఉత్తరపు ఒడ్డంతా బురద నేల. పోటు సమయంలో నీరుగా కనిపించినది పాటు వచ్చేసరికి కిలోమీటర్ల మేర బురదగా బయటపడుతుంది. పెద్ద పోట్ల రోజుల్లో నీటిమట్టపు తేడా 3 మీటర్లు దాటుతుంది. షత్ అల్ అరబ్ నది మోసుకొచ్చే ఒండ్రు వల్ల ఉత్తర భాగంలో నీరు మట్టి రంగులో ఉంటుంది. దక్షిణపు ఒడ్డు ఇసుక, రాతి పలకలతో కొంత గట్టిది, కొంత లోతైనది. ఊరు, రేవు, రాజమందిరం అన్నీ ఈ ఒడ్డునే వెలిశాయి.

భూశిరం ఎత్తు సముద్రమట్టానికి కొద్ది మీటర్లే. కొండ లేదు, చెట్టు లేదు, వెనుక ఎడారి కూడా చదునే. ‘భూశిరం’ అనగానే తెలుగు పాఠకుడికి విశాఖపట్నం రేవు పక్కన నిటారుగా నిలిచిన డాల్ఫిన్స్ నోస్ గుర్తుకొస్తుంది. రాస్ అల్ అర్ద్ దానికి పూర్తిగా వ్యతిరేకం. విశాఖలో కొండే ఓడలకు గుర్తు, దీపం ఆ గుర్తుకు అదనం. కువైట్‌లో మనిషి ఏదో ఒకటి నిలబెడితే తప్ప గుర్తు లేదు. ఈ భూశిర చరిత్రలో దానిపైన, దాని చుట్టూ నిలబెట్టిన ఆనవాళ్లకే పెద్ద పీట వేయాల్సి రావడానికి కారణం ఇదే.

ప్రాచీన కాలం

అఖాతపు ఉత్తర ఒడ్డున, సుబియాలోని హెచ్3 అనే స్థలంలో బ్రిటిష్, కువైట్ పురావస్తు శాస్త్రజ్ఞులు కలిసి 1998లో తవ్వకాలు మొదలుపెట్టారు. అక్కడ ఉబైద్ కాలపు నివాసం బయటపడింది. వయసు దాదాపు 7,000 ఏళ్లు. దొరికిన వాటిలో విలువైనవి తారు పెళ్లలు. వాటి ఒక వైపు రెల్లు మోపుల అచ్చులు, మరో వైపు సముద్రపు గుల్లజీవులు అంటుకుని ఉన్నాయి. అంటే రెల్లుతో పడవ కట్టి, తారు పూసి, దాన్ని ఉప్పునీటిలో చాలాకాలం నడిపారు. తెరచాప కొయ్యతో ఉన్న పడవ బొమ్మ గీసిన మట్టి బిళ్ల కూడా ఒకటి లభించింది. సముద్ర ప్రయాణానికి ప్రపంచంలో దొరికిన అతి పాత భౌతిక సాక్ష్యాల్లో ఇవి చేరతాయి. ఆనాటి పడవవాళ్లకు దీపాలుండే ప్రశ్నే లేదు. అయినా ఇదే ముఖద్వారం గుండా రాకపోకలు సాగాయి.

ఫైలకా ద్వీపంపై 1958లో డెన్మార్క్ బృందం తవ్వకాలు ప్రారంభించింది. దిల్మున్ నాగరికత ముద్రికలు, అలెగ్జాండర్ తరువాతి గ్రీకుల కోట, ఆలయం, గ్రీకు శాసనం బయటపడ్డాయి. గ్రీకులు ఈ ద్వీపాన్ని ఇకరోస్ అన్నారు. స్ట్రాబో, అరియన్ ఇద్దరూ దీన్ని పేర్కొన్నారు.

అఖాతపు పడమటి కొసన ఉన్న కాజిమా ఒంటెల బిడారులకు మజిలీ. క్రీ.శ. 633లో ఖాలిద్ ఇబ్న్ అల్ వలీద్ సేన సస్సానిద్ సేనను ఓడించిన ‘గొలుసుల యుద్ధం’ ఆ ప్రాంతంలోనే జరిగింది. పందొమ్మిదో శతాబ్ది ముగిసే నాటికి బెర్లిన్ నుంచి బాగ్దాద్ మీదుగా వేయదలచిన రైలుమార్గానికి చివరి స్టేషన్‌గా జర్మన్లు ఆ చోటునే పరిశీలించారు. కువైట్ పాలకుడు షేక్ ముబారక్‌తో 1899 జనవరి 23న బ్రిటన్ చేసుకున్న ఒప్పందానికి వెనుక ఉన్న తొందరల్లో ఇదొకటి. అఖాతానికి ముఖద్వారం ఎవరి చేతిలో ఉంటుందన్నది అప్పటికే ఎడారి గ్రామం స్థాయి దాటిన విషయం.

తెరచాపల కాలం

బనీ ఉతుబ్ తెగలు పద్దెనిమిదో శతాబ్ది తొలి దశకాల్లో రాస్ అజూజాకు పడమరగా ఊరు కట్టుకున్నాయి. 1760లలో గల్ఫ్ ప్రాంతంలో తిరిగిన యాత్రికుడు కార్‌స్టెన్ నీబుర్ ఈ ఊరిలో పదివేల జనం, 800 పడవలు ఉన్నాయని రాశాడు. బస్రాలో చిక్కులు వచ్చినప్పుడు ఈస్టిండియా కంపెనీ 1793 నుంచి 1795 వరకు తన వర్తక స్థావరాన్ని ఇక్కడికి మార్చుకుంది.

ఊరికి రెండు జీవనాధారాలు, రెండూ ఈ భూశిరాన్ని చుట్టి సాగేవే. మొదటిది ముత్యాల వేట. ముత్యపు చిప్పల తిన్నెలు ఎక్కువగా దక్షిణాన, అరేబియా తీరం వెంట ఉన్నాయి. వేసవి మొదట్లో పడవలు రాస్ అల్ అర్ద్ దాటి దక్షిణానికి వెళ్లేవి. సెప్టెంబర్ చివర ‘కుఫ్ఫాల్’ ప్రకటనతో అన్నీ ఒక్కసారి వెనుదిరిగేవి. 1912లో రాబడి ఎంత బాగుందంటే ఆ ఏడాదికి ‘సనత్ అల్ తఫ్‌హా’, పొంగిపొర్లిన సంవత్సరం, అని పేరు నిలిచిపోయింది. 1930లలో జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి ఈ వృత్తిని పడగొట్టాయి.

రెండవది దూరపు వర్తకం. శరదృతువులో బస్రా ఖర్జూరం ఎక్కించుకుని పెద్ద ఓడలు కరాచీ, బొంబాయి, మలబారు రేవులకు బయలుదేరేవి, కొన్ని తూర్పు ఆఫ్రికాకు. తిరుగు ప్రయాణంలో బియ్యం, మసాలాలు, కలప. కువైట్ ఓడలకు కావలసిన టేకు మలబారు నుంచే వచ్చేది. రెండు కొసలూ మొనదేరిన ‘బూమ్’ ఓడ కువైట్ వడ్రంగుల ప్రత్యేకత. ఈ వర్తకం ఎంత లోతుగా పాతుకుందో చెప్పడానికి ఒక్క విషయం చాలు: 1961లో దినార్ వచ్చేదాకా కువైట్‌లో చెలామణి అయినది రూపాయే. ఆస్ట్రేలియా నావికుడు, రచయిత అలన్ విలియర్స్ 1938–39లో అలీ బిన్ నాసర్ అల్ నజ్దీ అనే నాఖుదా (ఓడ సారథి) నడిపిన కువైట్ బూమ్‌లో ప్రయాణించి, ఆ బతుకును కళ్లకు కట్టే పుస్తకాన్ని 1940లో వెలువరించాడు. తెరచాపల కాలం అప్పటికి చివరి అంకంలో ఉంది.

దీపాలకు ముందు దారి తెలుసుకున్న తీరు

నాఖుదా తీరాన్ని కళ్లతోకన్నా చేతితో ఎక్కువ పోల్చుకునేవాడు. సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి వదిలితే లోతు తెలుస్తుంది. గుండు అడుగున కొవ్వు రాస్తే అది ఇసుకనో, బురదనో, గవ్వ ముక్కలనో పట్టుకొస్తుంది. ఆ మూడింటి తేడాతో ఓడ ముఖద్వారానికి ఎటు పక్క ఉందో లెక్క కట్టేవారు. నీటి రంగు, రాత్రివేళ నక్షత్రాలు, పోటు వేగం మిగతా సాయం. అనుభవాలను ‘రహ్‌మానీ’ అనే నావిక పుస్తకాల్లో రాసి ఉంచుకునేవారు. ఈ సంప్రదాయంలో కువైట్ నావికుడు ఈసా అల్ కుతామీ రచించిన సముద్ర మార్గదర్శి పేరెన్నికగన్నది. సందేహం వస్తే లంగరు వేసి తెల్లవారేదాకా ఆగడమే పద్ధతి. సరుకు రెండు రోజులు ఆలస్యమైతే నష్టం కొంచెమే, తిన్నెనెక్కితే ఓడే పోతుంది.

ఆవిరి ఓడకు ఈ ఓపిక కుదరదు. దానికి తపాలా వేళలున్నాయి, బొగ్గు ఖర్చుంది. అందుకే బ్రిటిష్ ఇండియా నౌకాదళం మొదట పటాలు గీసింది. 1820లలో తొలి సర్వేలు, 1857–60 మధ్య కాన్‌స్టబుల్, స్టిఫ్ అనే అధికారుల సర్వే జరిగాయి. వాటి ఆధారంగా ‘పర్షియన్ గల్ఫ్ పైలట్’ తొలి ముద్రణ 1864లో వచ్చింది. పటాల తరువాత వంతు దీపాలది.

దీపాలు

గల్ఫ్ దీపాల చరిత్రను కువైట్‌కు మాత్రమే పరిమితం చేసి చెప్పడం కుదరదు. ఇరవయ్యో శతాబ్ది రెండో దశకంలో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం మొత్తం జలమార్గానికి ఒకే వ్యవస్థగా దీపాలు, బోయాలు (నీటిపై తేలే గుర్తులు) ఏర్పాటు చేయసాగింది. హోర్ముజ్ జలసంధి వైపు క్వాయిన్, తున్బ్ దీవులపై దీపస్తంభాలు మొదటి ప్రపంచ యుద్ధం ముంగిట వెలిశాయి. భారత స్వాతంత్ర్యం తరువాత ఈ బాధ్యత చేతులు మారి, 1950లో లాభాపేక్ష లేని పర్షియన్ గల్ఫ్ లైటింగ్ సర్వీస్‌గా స్థిరపడింది. తరువాత దానికే మిడిల్ ఈస్ట్ నావిగేషన్ ఎయిడ్స్ సర్వీస్ అన్న పేరు వచ్చింది. ప్రధాన స్థావరం బహ్రెయిన్. ఓడలు చెల్లించే రుసుముతో దీపాలను నడపడం ఈ సంస్థ పద్ధతి.

కువైట్ ముఖద్వారం వరకు వస్తే, దారి చూపే పని ఒకే స్తంభం మీద పడలేదు. దక్షిణాన రాస్ అల్ అర్ద్ దీపం తీరం మలుపును చెప్పేది. ముఖద్వారం బయట అవ్‌హా, మిస్కాన్ దీవుల దీపాలు ఫైలకా చుట్టూ ఉన్న తిన్నెలను తప్పించేవి. మిస్కాన్ దీవిపై చాలాకాలం ఒకే ఒక కుటుంబం నివసించింది: దీపం కాపలాదారు కుటుంబం. రాత్రివేళ అఖాతంలోకి వచ్చే ఓడలకు దారి చూపడమే వారి పని. ఇప్పుడు ఆ దీవిలో ఎవరూ ఉండరు. అవ్‌హాలోనూ అంతే.

ఈ దీపాలను ఒక సమూహంగానే అర్థం చేసుకోవాలి. ఒక్క దీపం కనిపిస్తే ఓడ ఏ దిక్కులో ఉందో మాత్రం తెలుస్తుంది. రెండు కనిపించి, దిక్సూచితో రెండింటి కోణాలు కొలిస్తే ఆ గీతలు కలిసే చోటే ఓడ ఉన్న చోటు. చదునైన తీరంలో పగలు కూడా రెండో గుర్తు దొరకడం కష్టం కాబట్టి, దీవుల మీది స్తంభాలు రాత్రి ఎంత పనికొచ్చేవో పగలూ అంతే పనికొచ్చేవి.

దీపం దూరం, వాతావరణం

భూమి గుండ్రంగా ఉండటం వల్ల దీపం ఎంత కాంతివంతమైనదైనా దాని ఎత్తును బట్టి ఒక దూరం దాటి కనిపించదు. దీపపు ఎత్తు, చూసేవాడి కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, రెండింటి వర్గమూలాలను కూడి 2.08తో గుణిస్తే ఆ దూరం నాటికల్ మైళ్లలో వస్తుంది. కన్ను 5 మీటర్ల ఎత్తున ఉన్న నావికుడికి 25 మీటర్ల ఎత్తున్న దీపం సుమారు 15 నాటికల్ మైళ్ల నుంచి, అంటే 28 కిలోమీటర్ల నుంచి కనిపిస్తుంది. అదే నావికుడికి విశాఖలోని సుమారు 170 మీటర్ల ఎత్తున్న కొండ 32 నాటికల్ మైళ్ల దూరాన తల ఎత్తుతుంది. పల్లపు తీరం దీపస్తంభానికీ, కొండ తీరం దీపానికీ పుట్టుకతోనే ఉన్న తేడా ఇది.

ఇది గాలి తేటగా ఉన్న రాత్రి లెక్క. కువైట్‌లో అలాంటి రాత్రులు ఏడాది పొడవునా దొరకవు. వేసవిలో వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి ఇరాక్ మైదానాల ధూళిని ఎత్తుకొచ్చి పోస్తుంది. పెద్ద దుమ్ము తుపానులో చూపు కిలోమీటరు కూడా ఆనదు. శీతాకాలపు ఉదయాల్లో పొగమంచు మరో అడ్డంకి. అందువల్ల ఇప్పటి నౌకాయానం రాడార్, ఉపగ్రహ స్థాన నిర్ణయం, ఓడల స్వయంచాలక గుర్తింపు వ్యవస్థల మీద ఆధారపడుతుంది. దీపాలు సౌరశక్తితో, ఎల్ఈడీలతో, కాపలా మనిషి లేకుండా వెలుగుతాయి. బోయాల రంగుల విషయంలో గల్ఫ్ దేశాలు, భారతదేశం ఒకే అంతర్జాతీయ మండలంలో ఉన్నాయి: రేవులోకి వచ్చేటప్పుడు ఎడమ చేతి వైపు ఎరుపు, కుడి చేతి వైపు ఆకుపచ్చ. విశాఖ రేవుకు అలవాటుపడ్డ నావికుడు కువైట్‌లో రంగులు మార్చి గుర్తుపెట్టుకోనక్కర లేదు.

రాస్ అజూజా, కువైట్ టవర్స్

రాస్ అల్ అర్ద్ నుంచి తీరం వెంట పడమరగా వెళితే నగరం మొదలయ్యే చోట రాస్ అజూజా వస్తుంది. దస్మాన్ రాజమందిరం దానికి దగ్గరే. ఇక్కడ ఉన్న కువైట్ టవర్స్ దీపస్తంభాలుగా కట్టినవి కావు, నీటి ట్యాంకులుగా కట్టినవి. నది లేని ఈ దేశం ఒకప్పుడు షత్ అల్ అరబ్ మంచినీటిని పడవల్లో తెచ్చుకునేది. 1953లో ప్రభుత్వ నిర్లవణీకరణ కేంద్రం పని మొదలుపెట్టాక ఊరంతటికీ నీరు పంచే వ్యవస్థ అవసరమైంది. స్వీడన్‌కు చెందిన వీబీబీ సంస్థ తరఫున సూనే లిండ్‌స్ట్రోమ్ ఐదు చోట్ల పుట్టగొడుగు ఆకారపు ట్యాంకులు 31 రూపొందించాడు. సముద్రపు ఒడ్డున కట్టాల్సిన ఆరో సమూహం మాత్రం వేరుగా, చూడచక్కగా ఉండాలని, తరువాత అమీర్ అయిన షేక్ జాబెర్ అల్ అహ్మద్ కోరాడు. మాలెనె బ్యోర్న్ రూపకల్పనలో మూడు స్తంభాలు లేచాయి.

ప్రధాన స్తంభం ఎత్తు 187 మీటర్లు. అందులో నీటితో పాటు భోజనశాల, 120 మీటర్ల పైన అరగంటకు ఒక చుట్టు తిరిగే వీక్షణ గోళం ఉన్నాయి. రెండోదానిలో నీరే. మూడోది సన్నగా ఉండి మిగతా రెండింటిపై కాంతి ప్రసరించే దీపాలను మోస్తుంది. రెండు స్తంభాల్లో కలిపి 9,000 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. 1979 మార్చి 1న ప్రజలకు తెరిచారు. కువైట్ నీటి స్తంభాలకు 1980లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం లభించింది.

నౌకాయాన పుస్తకాల్లో ఇలాంటి కట్టడాలను ‘స్పష్టమైన గుర్తులు’గా నమోదు చేస్తారు. పైన చెప్పిన లెక్కనే వాడితే 187 మీటర్ల కొన 33 నాటికల్ మైళ్ల దూరం నుంచి కనబడాలి, విశాఖ కొండకు వచ్చే దూరం దాదాపు ఇంతే. ప్రకృతి ఇవ్వని కొండను నీళ్ల ట్యాంకు రూపంలో కట్టుకున్నారనడం ఈ ఒక్క చోట అతిశయోక్తి కాదు.

చమురు, యుద్ధం

1938లో బుర్గాన్‌లో చమురు పడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946 జూన్ 30న తొలి ఎగుమతి సరుకుతో ‘బ్రిటిష్ ఫ్యూసిలియర్’ అనే ట్యాంకరు బయలుదేరింది. అది అఖాతంలోకి రాలేదు. చమురు రేవు మీనా అల్ అహ్మదీని రాస్ అల్ అర్ద్‌కు దక్షిణాన, తెరిచిన తీరంలో, లోతు ఎక్కువగా ఉన్న చోట కట్టారు. ఆ విధంగా దేశపు అతి విలువైన సరుకు ఈ భూశిరాన్ని చుట్టే అవసరమే లేకుండా పోసాగింది. అఖాతంలోని షువైఖ్ రేవు 1960 నుంచి దిగుమతులకు ఆధారమైంది. బియ్యం, సిమెంటు, కార్లు తెచ్చే ఓడలు నేటికీ రాస్ అల్ అర్ద్ ముందు నుంచే లోపలికి వస్తాయి.

1990 ఆగస్టు 2న ఇరాక్ దాడి మొదలైన రోజే రాస్ అజూజా పక్కన దస్మాన్ మందిరం దగ్గర పోరు జరిగి, అమీర్ సోదరుడు షేక్ ఫహద్ అల్ అహ్మద్ మరణించాడు. ఆక్రమణ నెలల్లో టవర్స్ దెబ్బతిన్నాయి. సముద్రం నుంచి సంకీర్ణ సేనలు దిగుతాయన్న అనుమానంతో ఇరాక్ సైన్యం తీరం పొడవునా కందకాలు తవ్వి, ముళ్లకంచెలు వేసి, మందుపాతరలు పెట్టింది. ఫైలకా వాసులను ఖాళీ చేయించింది. ఆ ద్వీపం మళ్లీ పూర్వపు ఊరిగా మారలేదు. 1991 జనవరిలో మీనా అల్ అహ్మదీ దగ్గర సముద్రంలోకి వదిలిన చమురు తెట్టు, ప్రవాహాల దిశ వల్ల ప్రధానంగా దక్షిణానికి, సౌదీ తీరానికి కొట్టుకుపోయింది.

ఇప్పటి స్థితి

సాల్మియా పాత పేరు దిమ్నా. చేపలు పట్టే చిన్న పల్లె ఇప్పుడు అపార్టుమెంట్లు, దుకాణాలు, పాఠశాలలతో కిక్కిరిసిన పట్టణ ప్రాంతం. భారతీయులు పెద్ద సంఖ్యలో ఉంటారు. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి డ్రైవర్లుగా, ఇంటి పనివాళ్లుగా, దుకాణాల్లో, ఆసుపత్రుల్లో పనిచేయడానికి వచ్చిన తెలుగువారూ వారిలో ఉన్నారు. శుక్రవారం సెలవు నాడు సముద్రపు ఒడ్డు నడకదారి మీద తెలుగు వినబడటం వింత కాదు.

నడకదారుల కోసం, ఆటస్థలాల కోసం తీరంలో చాలా చోట్ల సముద్రాన్ని పూడ్చారు. అందువల్ల పాత పటాల్లోని ఒడ్డు గీత నేటి ఒడ్డుతో కలవదు. చుట్టూ ఎత్తైన భవనాలు, వాటి దీపాలు నిండిపోవడంతో ఒంటరి స్తంభపు వెలుగును నగరపు కాంతిలోంచి వేరు చేసి చూడటం నావికుడికి కొత్త ఇబ్బంది. ప్రపంచంలోని రేవు పట్టణాలన్నిటా ఇదే సమస్య. అఖాతాన్ని దాటి ఉత్తర తీరంలోని సుబియాకు చేరే షేక్ జాబెర్ వారధిని 2019 మే 1న ప్రారంభించారు. కువైట్‌లోనే ఉన్న దోహా వైపు శాఖతో కలిపి దాని పొడవు 48 కిలోమీటర్ల పైచిలుకు.

2000లో సాల్మియా ఒడ్డున సైంటిఫిక్ సెంటర్ తెరుచుకుంది. మత్స్యాగారంతో పాటు అక్కడ పాత ఓడలను ప్రదర్శనకు ఉంచిన చిన్న రేవు ఉంది. 1938లో నిర్మించిన ‘ఫతహ్ అల్ ఖైర్’ అనే బూమ్ వాటిలో పెద్దది. చమురుకు ముందు కాలపు కువైట్ దూరప్రయాణ ఓడల్లో మిగిలినది ఇదొక్కటే. జాతీయ మ్యూజియం ముందుండిన ‘ముహల్లబ్’ను 1990 ఆక్రమణలో తగలబెట్టారు. దాని నమూనాలో ‘ముహల్లబ్ 2’ను తరువాత మళ్లీ కట్టారు.